తోలుబొమ్మకు గీటురాయి

వెల వేరు, విలువ వేరు. బంగారానికి గీటురాయి ఉన్నది. రత్నాలకు పరీక్షకులున్నారు. ధర్మవరం పట్టుచీరను బేరమాడే గృహిణి కొంగు తిరగవేసి, జరీని వేలితో తడిమి, అంచు నేతను వెలుతురులో చూచి గాని మూట కట్టించదు. కాని ఆ ధర్మవరం మండలంలోనే ఉన్న నిమ్మలకుంటలో తయారయ్యే తోలుబొమ్మను కొనవచ్చినవారిలో చాలమంది, "రంగులు బాగున్నాయి, ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. బొమ్మను పరీక్షించడానికి కూడా ఒక పద్ధతి ఉన్నదనీ, ఆ పద్ధతి తెలియకపోవడం వల్ల నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదనీ తలచేవారు తక్కువ.

కథానాయకుల రూపాలను బొమ్మలుగా సేకరించడం నేడు ప్రపంచమంతటా ఉన్న వేడుక. 1977లో అమెరికాలో 'స్టార్ వార్స్' చలనచిత్రం విడుదలైనప్పుడు అందులోని పాత్రల బొమ్మలు చేయడానికి కెన్నర్ అనే సంస్థ పూనుకున్నది. ఆ సంవత్సరం క్రిస్మస్ పండుగ నాటికి బొమ్మలు సిద్ధం కాలేదు. సంస్థవారు అట్టపెట్టెలో బొమ్మలకు బదులు ఒక హామీపత్రాన్ని ఉంచి అమ్మారు. బొమ్మలు 1978లో గాని పిల్లలకు అందలేదు. నాలుగంగుళాలు కూడా లేని ఆ ప్లాస్టిక్ బొమ్మలకు ఈనాడు సేకరణకర్తల మధ్య గొప్ప గిరాకీ ఉన్నది. పరీక్షపత్రాలకు ఉపాధ్యాయులు మార్కులు వేసినట్లు, వాటికి నూటికిన్ని అని మార్కులు వేసే సంస్థలు కూడా వెలిశాయి. అక్కడ నడిచే సూత్రం ఇది: పెట్టె విప్పని బొమ్మ మేలైనది, పిల్లవాడు ఆడుకున్న బొమ్మ లోకువైనది. ఆడుకోవడానికి పుట్టి, ఎన్నడూ ఆటకెక్కని బొమ్మకే అక్కడ అగ్రపూజ!

తోలుబొమ్మల లోకంలో ఈ న్యాయం చెల్లదు. వెండితెర పుట్టక పూర్వం తెలుగు పల్లెలకు తెల్లని పంచెల తెరయే వెండితెర. ఆముదపు దీపాల వెలుగులో రాముడూ, రావణుడూ, కీచకుడూ, ద్రౌపదీ ఆ తెరమీద తెల్లవార్లూ సజీవులై తిరిగేవారు. మధ్యలో కేతిగాడూ, బంగారక్కా వచ్చి నవ్వించేవారు. పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లోనే ఈ ఆట ప్రస్తావన ఉన్నదంటే దాని ప్రాచీనత తెలుస్తుంది. ఇంట మరాఠీ మాండలికం మాట్లాడుకొనే ఆరె కుటుంబాలవారు తెర వెనుక నిలిచి తెలుగు రంగనాథ రామాయణాన్ని గానం చేయడం ఈ కళలోని మరొక విశేషం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం పీఠభూమిలో ఆట వినోదం మాత్రమే కాదు. విరాటపర్వం వినిపిస్తే వానలు పడతాయన్న నమ్మకం తెలుగు పల్లెలలో తరతరాలుగా ఉన్నది. నిమ్మలకుంట 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఇట్టి బొమ్మను పరీక్షించే విధానమేమిటి? మొట్టమొదట దానిని బల్లమీద పరచి చూడరాదు. ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకొని చూడవలెను. బొమ్మలోని గుణమూ దోషమూ దీపమే చెబుతుంది.

మొదటి పరీక్ష తోలుకు. చెప్పులకు వాడే తోలును తంగేడు పట్ట వంటివాటితో పదును చేస్తారు. అది మెత్తబడుతుంది గాని వెలుగును చొరనీయదు. బొమ్మకు కావలసినది అది కాదు. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలను, లోపలి కండపొరను గీకివేసి, లాగి బిగించి ఆరబెట్టగా అది పలుచనై, కాగితంవలె వెలుగును వడపోసేదిగా మారుతుంది. మంచి తోలులో కాంతి అంతటా సమంగా పరుచుకుంటుంది. గీకుడు సరిగా లేనిచోట మబ్బుపట్టినట్లు మచ్చ కనిపిస్తుంది. తెలుగు బొమ్మలు నాలుగైదు అడుగుల ఎత్తు ఉంటాయి గనుక ఒక్క తోలు చాలదు. రావణుని బొమ్మకు కనీసం నాలుగు తోళ్లు కావలెనని లెక్క: మొండేనికొకటి, కాళ్లకొకటి, అటు ఐదు చేతులకు ఒకటి, ఇటు ఐదు చేతులకు ఒకటి. కాబట్టి తోలును ఏయే అవయవానికి ఎట్లా పంచుకున్నాడన్నది చూస్తే కళాకారుని అనుభవం బయటపడుతుంది.

రెండవ పరీక్ష ఉలికి. కిరీటంలోని రత్నాలు, మెడలోని హారాలు, చీర అంచులు, ఇవన్నీ రంగుతో వేసినవి కావు. ఉలితో కొట్టిన సన్నని రంధ్రాలు. తెరమీద నగలు మెరిసేది ఆ రంధ్రాలలోనుంచి వచ్చే వెలుగు వల్లనే. చేతితో కొట్టిన రంధ్రాల వరుసలో క్రమమూ ఉంటుంది, ప్రాణమూ ఉంటుంది. రంధ్రాలకు బదులు చుక్కలు ముద్రించిన బొమ్మ బల్లమీద మోసగించగలదు గాని దీపం ముందు దొరికిపోతుంది. గీతకు ప్రమాణం కావలెనంటే దూరం పోనక్కరలేదు. అదే జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద 16వ శతాబ్దపు చిత్రాలున్నవి. ఆ వస్త్రధారణనూ, ఆభరణాల తీరునూ, కనుల కొలతనూ చూచి వచ్చినవానికి మంచి గీత ఏదో మరొకరు చెప్పనవసరం లేదు.

మూడవ పరీక్ష రంగుకు. బొమ్మకు ఇరువైపులా రంగు వేయవలెను; ఒకవైపే వేసినది గోడకు తగిలించడానికి పనికివచ్చును గాని ఆటకు పనికిరాదు. పూర్వం చెట్టుచేమల నుండి, ఖనిజాల నుండి తీసిన రంగులు వాడేవారు. నేడు అంగడి రంగులే ఎక్కువ. అంతమాత్రాన దోషం లేదు. వెలుగును అడ్డగించే దళసరి పూత మాత్రం దోషమే. ఎరుపు ఎరుపుగా, ఆకుపచ్చ ఆకుపచ్చగా తెరమీద పడవలెను. నల్లగా పడితే బొమ్మ ఓడిపోయినట్లే.

నాల్గవది, అన్నిటికన్న కఠినమైనది, కీళ్ల పరీక్ష. నడుమ నిలబెట్టిన వెదురు బద్దను ఒకచేత పట్టుకొని బొమ్మను కదిలించి చూడవలెను. భుజమూ, మోచేయీ దారపు ముడిమీద తేలికగా ఆడవలెను. ముడి బిగిస్తే చేయి కొయ్యబారుతుంది, వదులైతే వ్రేలాడుతుంది. నర్తకి బొమ్మకు కీళ్లు ఎక్కువ. ఆమె నడుము తిరగకపోతే, మెడ కదలకపోతే ఎన్ని నగలు చెక్కి ఏమి ప్రయోజనం?

ఇక పాతబొమ్మల సంగతి. దీపపు మసి, వేళ్ల జిడ్డు, చిరిగినచోట వేసిన కుట్టు, ఇవి విలువను తగ్గించే లోపాలు కావు. ఎన్నో రాత్రులు ఆడినదనడానికి సాక్ష్యాలు. ఆ సాక్ష్యాల కోసమే కొత్తబొమ్మకు మసి పూసి పాతదని నమ్మించేవారు ఏ అంగడిలోనైనా ఉండగలరు. నిజమైన మసి చేయి పట్టేచోట, కీలు తిరిగేచోట పేరుకుంటుంది గాని ఒంటినిండా ఒకేరీతిగా ఉండదు. మరొక హెచ్చరిక: దేవతామూర్తులకు జింకతోలు వాడే ఆచారం ఒకప్పుడు ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఆ తోలు క్రయవిక్రయాలు నేరం. నూరేండ్లు దాటిన కళాఖండాలు పురావస్తువుల చట్టం క్రిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. "జింకతోలు బొమ్మ, నూరేండ్ల నాటిది" అని ఊరించే అమ్మకందారుని వద్దనుంచి లేచి రావడమే వివేకం.

ఇంత పరీక్ష ఎందుకన్న ప్రశ్న రావచ్చును. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ముద్ర బొమ్మ పుట్టిన చోటును కాపాడగలదు గాని నేర్పును కాపాడలేదు. ఆటలు తగ్గాయి, నేడు ఈ కుటుంబాల జీవనం చాలవరకు దీపపు గూళ్లు, గోడ అలంకారాలు అమ్మడం మీద నడుస్తున్నది. కరవు నేలమీద ఆ ఆదాయం చిన్నది కాదు. దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవారికి లేదు. అయితే దీపపు గూటికి తోలు కావలెను, ఉలి కావలెను, రంగు కావలెను, కీలు అక్కరలేదు. గోడమీది హనుమంతుడు చేయి ఎత్తనక్కరలేదు. ఆడే బొమ్మకూ, ఆడని బొమ్మకూ ఒకే వెల పలికితే, ఎక్కువ దినాలు శ్రమపడి కీళ్లు కట్టే కళాకారునికి ఆ శ్రమ నష్టంగా మిగులుతుంది. అతని కుమారుడు ఆ ముడి నేర్చుకోడు. కొనేవాడు అడగని నేర్పు చేతికి ఎక్కువకాలం గుర్తుండదు.

ప్లాస్టిక్ వీరుని విలువ అతని పెట్టె మూతలో ఉన్నది; తోలుబొమ్మ విలువ దాని మోచేతిలో ఉన్నది. ఆ మోచేయి నిలవడం, నిలవకపోవడం ఇప్పుడు కళాకారునికన్న కొనేవాని కంటిమీదనే ఎక్కువ ఆధారపడి ఉన్నది. విహారయాత్రకు విద్యార్థులను లేపాక్షికి తీసుకుపోయే ఉపాధ్యాయులు ఒకపూట నిమ్మలకుంటలో కూడా ఆగవచ్చును. అక్కడ పిల్లలు వెల అడగడానికి ముందు, "దీనిని దీపం ముందు ఒకసారి ఆడించి చూపండి" అని అడిగితే చాలును.