చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు మొదట ఏది మార్చాలి?

(బి.ఎస్సీ. విద్యార్థి)

ఉద్యోగస్థుల ఇంట్లో నెలకొకసారి జీతం వస్తుంది. రైతు ఇంట్లో డబ్బు పంటతో వస్తుంది, పంటతోనే పోతుంది. 2021-22లో నల్ల తామరపురుగు పడి మన ఖమ్మం జిల్లాలో మిరప తోటలు పూత మీదే దెబ్బతిన్నాయి. అలాంటి ఏడు ఇంట్లో ముందుగా ఆగిపోయేది సామాను కొనడం. "ఈ ఏటికి దీంతోనే నడిపిద్దాం" అని అతుకులు వేసి, తాళ్లు కట్టి వాడతాం. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. పంట బాగా పండి నాలుగు డబ్బులు మిగిలినప్పుడు, పాడైన పది వస్తువుల్లో ముందు ఏది మార్చాలి? సాధారణంగా చుట్టాల కంటపడేవి మారుస్తాం: కుర్చీలు, దుప్పట్లు, స్టీలు గ్లాసులు. శాస్త్రదృష్టితో చూస్తే వరస వేరుగా ఉంటుంది. వస్తువు ఎంత పాతబడిందని కాక, పాతబడినందువల్ల అది మనకేం చేస్తున్నదని అడగాలి. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి, కొన్ని డబ్బు తింటాయి, కొన్ని చూపుకు మాత్రమే బాగుండవు.

మొదటి రకంలో ముందు చెప్పవలసింది గ్యాస్ గొట్టం. రబ్బరు కాలం గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ గట్టిపడి పగులుతుంది. పగులు సన్నగా ఉన్నా గ్యాస్ కారుతుంది. అది గాలికంటే బరువైనది కనుక పైకి పోక నేలమీదే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బాగానే కనిపిస్తున్నా అయిదేళ్లకొకసారి గొట్టం మార్చాలంటారు.

రెండోది మన రైతుల ఇళ్లలోనే కనిపించేది, ఖాళీ మందు డబ్బా. గట్టి డబ్బా పారేయడమెందుకని కడిగి నీళ్లకో, నూనెకో, పప్పులకో వాడతారు. పురుగుమందు ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది. సోడా, సబ్బు వేసి ఎంత తోమినా అదంతా పోదు, తర్వాత పోసినదానిలోకి మెల్లగా దిగుతుంది. మందు కొట్టేటప్పుడే డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రేయర్‌లోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టేయాలి. చిల్లు పెడితే ఇక ఎవరూ వంటింట్లోకి తేలేరు.

మూడోది దోమతెర. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. భద్రాచలం అడవి అంచున బతికే మనకు ఆ సంగతి పుస్తకంలో పాఠం మాత్రమే కాదు. మామూలు దోమతెరకు చిరుగు పడితే కుట్టుకోవచ్చు. మందు పట్టించిన తెర సంగతి వేరు. సుమారు మూడేళ్లకు, లేక ఇరవై ఉతుకులకు దాని మందు తగ్గిపోతుంది. చిరగకపోయినా దాని పని అయిపోయినట్టే.

ఇక డబ్బు తినేవి. 60 వాట్ల పాత బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలుతుంది. దాదాపు అంతే వెలుతురునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఒకటిన్నర యూనిట్లు కూడా కావు. బల్బు మాడిపోయేదాకా ఆగుదామనుకుంటే ఆ ఆగడానికి నెలనెలా కరెంటు బిల్లు కడుతున్నామన్నమాట.

ప్రెషర్ కుక్కర్ రబ్బరు కూడా ఇంతే. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది గనుక పప్పు తొందరగా ఉడుకుతుంది. రబ్బరు సాగిపోతే ఆవిరి పక్కనుంచి పోతుంది. అప్పుడది మూతపెట్టిన మామూలు గిన్నే. కొద్ది డబ్బుల రబ్బరుకు ఆలోచించి సిలిండరు ఖాళీ చేసుకోవడం పొదుపు కాదు. మూత మీది సేఫ్టీ వాల్వు మాత్రం మొదటి రకంలోకి వస్తుంది. వెయిటు రంధ్రం మూసుకుపోతే ఆ వాల్వులోని లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. దాని స్థానంలో మేకో, పుల్లో బిగించారంటే కుక్కర్ బాంబే.

ఇత్తడి గిన్నెను మాత్రం కొత్తది కొననక్కరలేదు. లోపలి కళాయి అరిగితే చింతపండు పులుసులోని ఆమ్లం రాగిని కరిగించి కూరను కిలమెక్కిస్తుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కొలిమి మీద కళాయి పూయించడం తేలిక. ఫ్యాను మెల్లగా తిరిగితే కూడా ముందు కండెన్సర్ మార్చి చూడాలి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది.

చివరివి చూపుకు బాగుండనివి: సొట్టపడ్డ బిందె, రంగు పోయిన కుర్చీ, వెలిసిన దుప్పటి. ఇవి మరో పంటదాకా ఆగుతాయి. పాత చీరలు బొంతకు పనికొస్తాయని మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పలేదు.

మిత్రులారా! కష్టకాలంలో మన పెద్దలు ఎలా నెట్టుకొచ్చారో వాళ్లకు మనం చెప్పనక్కరలేదు. చదువుకున్నందుకు మనం చేయగలిగిన పని ఒకటుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పొయ్యి వెనక వంగి గ్యాస్ గొట్టం మీద అచ్చువేసిన సంవత్సరం చదవండి. మిగతా జాబితా అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు.