కంటికి చికిత్స: ఏది తొందర, ఏది నిదానము

ఇంద్రియములన్నిటిలో నేత్రమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. అయినను మన గ్రామములలో చూపు మందగించిన వృద్ధులు కొందరు "వయసు వచ్చినది, ఇక ఇంతే" యని యింటిపట్టున నుండిపోవుచున్నారు. మరికొందరు ఎవరో చెప్పిన ఆసుపత్రికి పోయి, అడిగినంత యిచ్చి, అప్పుల పాలగుచున్నారు. ఈ రెండింటికిని మూలమొక్కటే: ఏ జబ్బునకు ఏ చికిత్స అవసరమో, ఎవరిని నమ్మవచ్చునో తెలియకపోవుట. పంచాయతీ సభ్యులు ఈ సంగతులు గ్రహించినచో ఊరివారికి చూపును, ధనమును గూడ నిలుపగలరు.

తొందరపడవలసినవి

కంటి జబ్బులన్నియు ఒకటి కావు. కోతల కాలమున వడ్లగింజయో, ఆకు అంచో కంటికి తగిలి, కన్ను ఎఱ్ఱబడి, నొప్పితో నీరు కారుచున్నచో నల్లగుడ్డుపై పుండు పడియుండవచ్చును. ఆ దినముననే వైద్యుని చూడవలెను. ఆకుపసరు, చనుబాలు మొదలగునవి కంటిలో పోయరాదు. మందుల దుకాణమున అడిగి తెచ్చుకొనిన చుక్కలలో స్టెరాయిడ్ ఉన్నచో, బూజు జాతి క్రిముల వలన కలిగిన పుండు మరింత విజృంభించును. సున్నముగాని, పురుగుమందుగాని కంటిలో పడినచో మొదట మంచినీటితో చాలసేపు కడిగి, పిమ్మట ఆసుపత్రికి పోవలెను. చూపు అకస్మాత్తుగా తగ్గినచో నొప్పి లేకున్నను ఆలస్యము కూడదు.

నీటికాసులు అను జబ్బు మరియొక తీరుది. సాధారణముగా కంటిలోని ఒత్తిడి హెచ్చుట వలన చూపునరము క్రమముగా చెడును. పెక్కుమందిలో నొప్పి యుండదు. మొదట ప్రక్కచూపు పోవును గనుక రోగికి తెలియనే తెలియదు. ఒకసారి పోయిన చూపు తిరిగిరాదు. చుక్కలు, లేజరు, శస్త్రచికిత్స అన్నియు మిగిలిన చూపును కాపాడుటకే. చుక్కలు వాడుచుండగా "చూపు బాగుపడలేదు" అని మానివేయుట పెద్ద పొరపాటు. మధుమేహము గలవారు చూపు బాగుగానే యున్నను ఏటేట కంటి లోపలిపొరను పరీక్ష చేయించుకొనవలెను.

నిదానింపదగినది

శుక్లము మాత్రము ఆలోచనకు వ్యవధి నిచ్చును. కంటిలోని సహజమైన కటకము మసకబారుటయే శుక్లము. దీనిని కరిగించు చుక్కమందు లేదు. శస్త్రచికిత్స యొక్కటే మార్గము. మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చుదురు. "పొర ముదరవలెను" అను పాతమాట నేడు చెల్లదు. మరీ ముదిరినచో కంటిలో ఒత్తిడి పెరిగి నొప్పి కలుగవచ్చును. చూపు తగ్గుట నిత్యకృత్యములకు అడ్డు వచ్చినప్పుడు చేయించుకొనుట ఉచితము. రేపే చేయకున్న కన్ను పోవునని ఎవరైన భయపెట్టినచో, కారణ మడిగి, మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొనవలెను.

వ్యయము ఎందుకు మారును?

శస్త్రచికిత్సలో ముఖ్యమైన పద్ధతులు రెండు. ఒకదానిలో సుమారు 6 మిల్లీమీటర్ల కోతతో, సాధారణముగా కుట్లు లేకుండ కటకము తీయుదురు. ఫేకో అను రెండవదానిలో కోత 3 మిల్లీమీటర్లకు లోపే. కన్ను త్వరగా కోలుకొనును, యంత్రపు ఖర్చు అధికము. నేర్పరియైన వైద్యుని చేతిలో రెండును మంచి చూపు నిచ్చును. ఒకే దూరమునకు పనిచేయు కటకమును సాధారణముగా దూరపుచూపునకు అమర్చుదురు. చదువుటకు కళ్ళజోడు కావలెను. పలు దూరములకు పనిచేయు ఖరీదైన కటకముతో కళ్ళజోడు అవసరము తగ్గును. కాని కొందరికి రాత్రివేళ దీపముల చుట్టు వలయములు కనబడును. రాత్రి లారీ నడుపువాడును, పగలు మగ్గముపై కూర్చుండువాడును ఒకే కటకము కోరుకొననక్కరలేదు. ఖరీదు హెచ్చినంత మాత్రమున చూపు హెచ్చదు.

వైద్యుని గుర్తించుట

కళ్ళజోడు దుకాణమున చూపు కొలుచువారు వేరు, నేత్రవైద్యులు వేరు. ఎం.బి.బి.ఎస్. తరువాత నేత్రవైద్యమున ఎం.ఎస్., డి.ఎన్.బి., డి.ఓ. వంటి పట్టము పొందినవారే నేత్రవైద్యులు. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ననుసరించి వైద్యుడు తన రిజిస్ట్రేషన్ సంఖ్యను చికిత్సాలయమునందును, మందుచీటిపైనను, రశీదుపైనను చూపవలెను. తన రుసుమును చికిత్సకు ముందే తెలుపవలెను. రోగిని పంపినందుకు కమీషను ఇచ్చుటగాని పుచ్చుకొనుటగాని నిషిద్ధము. ఊరిలో రోగులను ప్రోగుచేసి ఒకే ఆసుపత్రికి తరలించు మధ్యవర్తిని చూచినప్పుడు ఈ నిబంధనను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

చికిత్సకు ఒప్పుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న లివి: జబ్బు పేరేమి? చేయకున్న నేమగును? ఏ పద్ధతి, ఏ కటకము? పరీక్షలు, మందులు, తరువాతి రాకపోకలు కలిపి మొత్తమెంత? శస్త్రచికిత్స చేయునది ఎవరు? తేడా వచ్చినచో రాత్రివేళ ఎవరిని పిలువవలెను? నీటికాసుల విషయమున నెలనెలా చుక్కల ఖర్చునుగూడ లెక్కింపవలెను. జవాబులు కాగితముపై తీసికొనుట మేలు.

పంచాయతీ చేయదగినది

అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము 1976లో ఆరంభమైనది. ప్రభుత్వాసుపత్రులలో శుక్లమునకు ఉచితముగా శస్త్రచికిత్స జరుగుచున్నది. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రియు, విశాఖపట్టణము, కర్నూలులలో ప్రాంతీయ కంటి ఆసుపత్రులును కలవు. 1987లో హైదరాబాదున నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటివి పేదలకు ఉచిత సేవ చేయుచున్నవి. కావున డబ్బు లేదని చూపు వదులుకొననక్కరలేదు.

ఆశా కార్యకర్తల సాయముతో చూపు తగ్గినవారి జాబితా వ్రాయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్షకు పంపవలెను. ఊరిలో శిబిరము పెట్టుదుమని వచ్చినవారిని వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య, శస్త్రచికిత్స జరుగు ఆసుపత్రి అడిగి వ్రాసికొనవలెను. పరీక్ష పాఠశాలలో జరుగవచ్చును. శస్త్రచికిత్స మాత్రము ఆసుపత్రి యందే జరుగవలెను. చికిత్స పొందినవారు చెప్పిన దినమున తిరిగి వైద్యుని చూచిరా యని విచారించుటయు సభ్యుల విధియే. వీధిలో దీపము వెలిగించుట యెంత ముఖ్యమో, ఆ వెలుగును చూడగల కన్నును కాపాడుటయు అంత ముఖ్యము.