పాయింట్ల లెక్కతో విదేశీ వీసా: పునాది పడేది బడిలోనే



పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక ఈ మధ్య తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "మేడం, మావాణ్ని పెద్దయ్యాక ఆస్ట్రేలియానో కెనడానో పంపాలంటే ఇప్పటి నుంచే ఏం చేయాలి?" మన నస్రుల్లాబాద్, బాన్సువాడ ప్రాంతంలో ఈ ప్రశ్న రావడం సహజమే. గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవాళ్లు ఇక్కడ దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ దారి మనకు తెలుసు. కంపెనీ వీసా ఇస్తుంది, పని ఉన్నంతకాలం ఉంటాం, ఎన్నేళ్లు కష్టపడినా చాలామంది చివరికి ఇంటికి రావాల్సిందే.

పాయింట్ల దారి అలాంటిది కాదు. అక్కడ అభ్యర్థి వయసు, చదువు, భాష, పని అనుభవం చూసి ప్రభుత్వమే మార్కులు వేస్తుంది. ఎంపికైతే భార్యాపిల్లలతో వెళ్లి స్థిరపడే అవకాశం ఉంటుంది. ఆ మార్కుల్లో కొన్ని బడి వయసులోనే మొదలవుతాయి. అందుకే ఈ నెల ఈ విషయం రాస్తున్నాను.

రాష్ట్రం నామినేట్ చేయడం అంటే ఏమిటి?

నిజాం సాగర్ కాల్వల్లో నీళ్లు పారాక కోస్తా జిల్లాల రైతులు ఇటు వచ్చి స్థిరపడ్డారు. వర్ని, బోధన్, బాన్సువాడ వైపు 'క్యాంపు' అనే పేరుతో ఉన్న ఊళ్లు ఆ వలసకు గుర్తు. భూమి, నీళ్లు ఉండి, పని తెలిసిన మనుషులు తక్కువైన చోటికి మనుషులు వస్తారు. ఆస్ట్రేలియా, కెనడా ఇప్పుడు చేస్తున్నది ఇంచుమించు ఇదే. వచ్చినవాళ్లంతా సిడ్నీ, టొరంటో లాంటి పెద్ద నగరాల్లోనే ఆగిపోతే చిన్న పట్టణాలకు నర్సులు, ఇంజినీర్లు, టీచర్లు దొరకరు. అందుకే 'మా ప్రాంతానికి ఈ వృత్తివాళ్లు కావాలి' అని ఎంపిక చేసుకునే అధికారం అక్కడి రాష్ట్రాలకు ఇచ్చారు. రాష్ట్రం నామినేట్ చేస్తే అదనపు పాయింట్లు వస్తాయి.

వలసదారులను పాయింట్లతో ఎంచే పద్ధతిని కెనడా 1967లో మొదలుపెట్టింది. అక్కడ ఇప్పుడు నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మొత్తం 1200 పాయింట్లుంటే, ప్రావిన్స్ నామినేషన్ ఒక్కదానికే 600 వస్తాయి. ఆస్ట్రేలియాలో రెండు రకాల వీసాలున్నాయి. 190 వీసాకు రాష్ట్రం నామినేట్ చేస్తే 5 పాయింట్లు కలుస్తాయి, మొదటి నుంచే శాశ్వత నివాసం దొరుకుతుంది. 2019 నవంబరులో వచ్చిన 491 వీసాకు 15 పాయింట్లు కలుస్తాయి. కానీ ఇది ఐదేళ్ల తాత్కాలిక వీసా. ఆ కాలంలో ప్రాంతీయ ప్రదేశాల్లోనే ఉండాలి, అక్కడే పనిచేయాలి, అక్కడే చదవాలి. మూడేళ్లు అలా ఉండి, ఆదాయ పన్ను కాగితాలు సరిగా ఉంటే 191 అనే శాశ్వత వీసాకు అప్లై చేసుకోవచ్చు.

ప్రాంతీయం అనగానే పల్లెటూరు అనుకోకండి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప దేశంలో మిగిలినదంతా ఆ లెక్కలోకే వస్తుంది. పెర్త్, అడిలైడ్, కాన్‌బెర్రా లాంటి నగరాలు కూడా అందులోనివే.

ఒక లెక్క చేసి చూద్దాం

ఆస్ట్రేలియాలో కనీసం 65 పాయింట్లు ఉండాలి. 65 వచ్చినంత మాత్రాన పిలుపు రాదు. పోటీ ఉంటుంది కాబట్టి చాలా వృత్తులకు అంతకంటే ఎక్కువే కావాలి. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం: 29 ఏళ్ల బీటెక్ అబ్బాయి, ఇంకా పెళ్లి కాలేదు.

- వయసు 25 నుంచి 32 మధ్య: 30
- డిగ్రీ చదువు: 15
- ఐఈఎల్టీఎస్ నాలుగు విభాగాల్లోనూ 7: 10
- లెక్కలోకి వచ్చే మూడేళ్ల విదేశీ ఉద్యోగ అనుభవం (వాళ్లకు మన దేశమూ విదేశమే): 5
- ఒంటరి అభ్యర్థి: 10

మొత్తం 70. 190 నామినేషన్ వస్తే 75, 491 నామినేషన్ వస్తే 85.

ఈ లెక్కలో గమనించాల్సినవి మూడున్నాయి. మొదటిది వయసు. 33వ పుట్టినరోజు రాగానే 30 కాస్తా 25 అవుతుంది, 40 దాటితే 15కు పడుతుంది, 45 నిండితే అసలు పిలుపే రాదు. రెండోది అనుభవం. ఉద్యోగం చేసిన ఏళ్లన్నీ లెక్కలోకి రావు. ఐటీ వాళ్లకు ఏసీఎస్, ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, నర్సులకు ఏఎన్‌మ్యాక్ లాంటి సంస్థలు చదువునూ వృత్తినీ ముందుగా మదింపు చేస్తాయి. చదివింది ఒకటి, చేస్తున్నది ఇంకొకటి అయితే అక్కడే ఇబ్బంది. మూడోది జీవిత భాగస్వామి. పెళ్లయినవాళ్లకు భాగస్వామి ఇంగ్లిష్ బాగుంటే 5, వృత్తి మదింపు కూడా ఉంటే 10 వస్తాయి. ఆడపిల్ల చదువు పెళ్లి వరకే అనుకునేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి. పైగా ఆమే ప్రధాన అభ్యర్థి అయి, భర్తను తన వెంట తీసుకెళ్లవచ్చు. నర్సింగ్ చదివిన అమ్మాయిలకు ఇది నిజంగా తెరిచి ఉన్న దారి.

ఇంగ్లిష్ టీచరుగా ఒక మాట

ఐఈఎల్టీఎస్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు విభాగాలు. ఆ 10 పాయింట్లు రావాలంటే నాలుగింటిలోనూ 7 రావాలి. చదవడంలో 8.5 వచ్చినా రాయడంలో 6.5 వస్తే ఆ 10 రావు. నాలుగింటిలోనూ 8 వస్తే 20 పాయింట్లు. బట్టీ పట్టి జవాబు రాసే పిల్లలకు పరీక్షలో మార్కులు రావచ్చు. తెలియని విషయం మీద సొంతంగా 250 పదాలు రాయమంటే పెన్ను ఆగిపోతుంది. క్లాసులో తప్పులతోనైనా సొంతంగా రాయమని మేము పట్టుబట్టేది ఇందుకే. నోట్స్‌లో ఎర్ర గీతలు కనిపిస్తే కంగారు పడకండి.

ఇంకొక విషయం మీలో చాలామందిని ఆశ్చర్యపరచవచ్చు. మన తెలుగుకూ పాయింట్లున్నాయి. ఆస్ట్రేలియాలో నాటీ అనే సంస్థ సీసీఎల్ అనే పరీక్ష పెడుతుంది, అందులో తెలుగు కూడా ఉంది. రెండు సంభాషణలు వినిపిస్తారు. ఇంగ్లిష్ మాటను తెలుగులో, తెలుగు మాటను ఇంగ్లిష్‌లో అప్పటికప్పుడు చెప్పాలి. 90 మార్కులకు 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కు కనీసం 29 ఉండాలి. పాసైతే 5 పాయింట్లు, అంటే పై ఉదాహరణలోని అబ్బాయికి 70 కాస్తా 75. ఆసుపత్రి, కోర్టు, బీమా, ఇంటి అద్దె లాంటి విషయాలు వస్తాయి. 'అద్దె ఒప్పందం', 'రక్తపోటు', 'నష్టపరిహారం' అనే మాటలు నోటికి రాని పిల్లలు అక్కడ తడబడతారు. ఇంగ్లిష్ మీడియంలో వేశాం కదా, తెలుగు ఎందుకని అడిగేవాళ్లకు ఇదొక జవాబు. రాత్రి అన్నం తినేటప్పుడు పిల్లలతో తెలుగులో నిండుగా మాట్లాడండి, పేపరు చదివించండి.

డబ్బు కట్టే ముందు

ఆస్ట్రేలియాకు ఆసక్తి తెలియజేసే దరఖాస్తును స్కిల్‌సెలెక్ట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు. దానికే వేలకు వేలు అడిగేవాళ్లుంటే జాగ్రత్త. 'నామినేషన్ గ్యారంటీ' అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఏ రాష్ట్రానికి ఏటా ఎన్ని నామినేషన్లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఎవరిని పిలవాలో ఆ రాష్ట్రం తేల్చుకుంటుంది. సలహా ఇచ్చే ఏజెంటుకు అక్కడి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడిగి, ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి.

మరో నిజం కూడా చెప్పాలి. నామినేషన్ అంటే ఉద్యోగం కాదు, వెళ్లి పనిచేసుకోవడానికి అనుమతి మాత్రమే. ఉద్యోగం మన పిల్లలే వెతుక్కోవాలి. చిన్న పట్టణంలో నర్సుకు పని తొందరగా దొరకవచ్చు, సాఫ్ట్‌వేర్ అబ్బాయికి నెలలు పట్టవచ్చు. ఉద్యోగం లేదని సిడ్నీకి మకాం మార్చేస్తే 491 షరతు తప్పినట్టే, వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. పొలం అమ్మో, తాకట్టు పెట్టో పంపే ముందు ఈ మాట ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పాయింట్లూ వృత్తుల జాబితాలూ మారుతుంటాయి కాబట్టి, అప్లై చేసే ఏడాది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నదే లెక్క.

ఈ ఏడాదే చేయగలిగిన పని

వృత్తి మదింపు నుంచి పోలీసు సర్టిఫికెట్ వరకు ప్రతి చోటా చూసేది పేరు, పుట్టిన తేదీ. మన పిల్లల్లో చాలామందికి జనన ధ్రువపత్రంలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పదో తరగతి మెమో వచ్చాక దాన్ని సరిచేయించడం పెద్ద తిరుగుడు. పరీక్షకు ముందు నామినల్ రోల్స్ తయారుచేసేటప్పుడైతే ఒక్క సంతకంతో పోతుంది. ఈ నెల జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే జిరాక్స్ కాపీలతో స్కూల్ ఆఫీసుకు రండి. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు మాత్రం వాయిదా వేయకండి.