తమ్ముడి ఊరు పాత కంప్యూటర్‌లో ఉంది

చాట్స్‌వర్త్‌లోని మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో విండోస్ 98 నడుస్తుంది. నాలుగేళ్ల కిందట తమ్ముడు పోయాక దాన్ని పారేయమని చాలామంది అన్నారు. బాగుచేసే దుకాణంలో కూడా అదే మాట. నేను ఒప్పుకోలేదు. అందులో తమ్ముడు కట్టిన ఊరు ఉంది.

ఆ ఊరు సిమ్‌సిటీ 2000 అనే ఆటలోది. మాక్సిస్ సంస్థ దాన్ని 1993లో తెచ్చింది. ఆ ఆటలో రోడ్లు వేయాలి, నీటి గొట్టాలు పరచాలి, కరెంటు తీగలు లాగాలి, పన్నులు వసూలు చేయాలి. 1900లో మొదలుపెట్టి ఏళ్లు గడుపుతూ పోవచ్చు. కావలసిన చోట పేరు రాసిన బోర్డు పెట్టవచ్చు.

తమ్ముడు కట్టింది మ్యాగజీన్ బ్యారక్స్. మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. డర్బన్ పురపాలక సంఘంలో పనిచేసిన మన తెలుగువాళ్లు, తమిళులు అక్కడి వరుస గదుల్లో బతికారు. 1960లలో వాళ్లను చాట్స్‌వర్త్‌కు తరలించారు. మా అమ్మమ్మ కూడా అలా వచ్చినదే. ఆమె చెప్పిన కథలు విని తమ్ముడు ఆ ఊరిని కట్టాడు. ఆటలో ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. అందుకని "అమ్మమ్మ గది", "కుళాయి" అని ఆ అక్షరాల్లోనే తెలుగు రాసి బోర్డులు పెట్టాడు.

పోయిన సెలవుల్లో కంప్యూటర్ తెరిస్తే తేదీ తప్పు చూపించింది. లోపల బిళ్ల లాంటి బ్యాటరీ అయిపోయింది. అది మార్చాను. కాని హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది. నాకు భయం వేసింది.

మేనల్లుడు సాయానికి వచ్చాడు. "అత్తా, ముందు ఫైళ్లు కాపీ చేద్దాం, ఆట తరువాత" అన్నాడు. హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి, అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు కలిపి అన్నీ తీసుకున్నాం.

మాది డాస్ ఆట. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అది నేరుగా నడవదు. దానికి డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది కొత్త కంప్యూటర్‌లోనే ఒక పాత కంప్యూటర్‌లా పనిచేస్తుంది. ఆట మరీ వేగంగా పరుగెత్తితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే నెమ్మదిస్తుంది. కంట్రోల్, ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది.

మీ ఇంట్లో కూడా పాత యంత్రం ఉంటే ఒక మాట. దాన్ని ఇంటర్నెట్‌కు కలపకండి. విండోస్ 98కి భద్రతా సవరణలు 2006లోనే ఆగిపోయాయి. ఆటలకు మాత్రమే వాడుకోండి.

తమ్ముడి ఊరు కొత్త తెర మీద తెరుచుకుంది. గదులు, కుళాయి, బోర్డులు అన్నీ ఉన్నాయి. సంవత్సరం 1959. తరలింపు రాకముందే వాడు కాలాన్ని ఆపి, దాచిపెట్టాడు.

"నడిపిద్దామా అత్తా?" అని మేనల్లుడు అడిగాడు. వాడికి నాన్న కట్టిన ఊరు అది. వాడి చేయి తగలాలి. ముందు ఇంకో కాపీ తీసి, వేరే పేరు పెట్టించాను. ఆ కాపీలో ఇప్పుడు 1987 నడుస్తోంది. అమ్మమ్మ గది పక్కన వాడు ఒక బడి కట్టాడు. అసలు ఫైలు మాత్రం 1959లోనే ఉంది.