కట్టిన విలోమాన్ని దాచుకునే కోడ్

మాత్రికకు విలోమం కట్టడం కంప్యూటర్‌కు కూడా బరువైన పనే. వెయ్యి అడ్డు వరుసలు, వెయ్యి నిలువు వరుసలు ఉన్న మాత్రికకు మామూలు పద్ధతిలో దాదాపు 200 కోట్ల కూడికలు, గుణకారాలు చేయాలి. వరుసల సంఖ్య రెట్టింపైతే పని ఎనిమిది రెట్లవుతుంది. అందుకే మొదటిసారి వచ్చిన ఫలితాన్ని మెమరీలో ఉంచి, మళ్లీ అడిగినప్పుడల్లా దాన్నే ఇస్తారు. ఇదే కాషింగ్. 1968లో డొనాల్డ్ మిచీ ఈ ఆలోచనను ‘మెమో ఫంక్షన్ల’ పేరుతో ‘నేచర్’ పత్రికలో వివరించారు.

తణుకు ప్రాంతపు చెరకు తోటల్నే తీసుకుంటే, ఏ మడికి ఎంత ఎరువు వేశారు, ఎన్ని తడులు పెట్టారు, ఏ రకం నాటారు అన్న వివరాలతో ఒక మాత్రిక తయారవుతుంది. వీటి ప్రభావం దిగుబడి మీద ఎంత, రసంలోని పంచదార శాతం మీద ఎంత, గడ ఎత్తు మీద ఎంత అని విడివిడిగా తేల్చాలి. మూడింటికీ కొలతలు వేరు, విలోమం కట్టాల్సిన మాత్రిక మాత్రం ఒకటే. ఒక్కసారి కట్టి ఉంచుకుంటే మిగతా రెండు లెక్కలూ చిటికెలో తేలిపోతాయి.

ఒకే సమాచారం రెండు నిలువు వరుసల్లో దూరితే అసలు విలోమమే ఉండదు. అప్పుడు ఆదుకునేది సాధారణీకృత విలోమం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు ఈ సిద్ధాంతాన్ని తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు. 1971లో సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి దీని మీదే ఒక గ్రంథం వెలువరించారు. సాధారణీకృత విలోమాన్ని కట్టడానికి మామూలు విలోమం కన్నా ఎక్కువ పని పడుతుంది కాబట్టి దాచుకోవడంలో లాభమూ ఎక్కువే.

గణాంక నిపుణులు వాడే ఆర్ భాషలో ఇందుకు చిన్న ఏర్పాటు చాలు. ఒక ఫంక్షన్ తన లోపల రెండు గదులు పెట్టుకుంటుంది: ఒకదానిలో మాత్రిక, రెండోదానిలో దాని విలోమం. అడిగినప్పుడు రెండో గది ఖాళీగా ఉంటేనే లెక్క కడుతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే: మాత్రికలో ఒక్క అంకె మారినా రెండో గదిని వెంటనే ఖాళీ చేయాలి. అది మరిచిపోతే ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ కూడా చూపదు. పాత తోట లెక్కతో కొత్త తోటకు జవాబు చెప్పేస్తుంది. నెమ్మదిగా నడిచే కోడ్ కన్నా ఇది చాలా ప్రమాదకరం.

మెమరీ ఖర్చు కూడా చూసుకోవాలి. వెయ్యి వరుసల విలోమం ఒక్కటే 80 లక్షల బైట్లు తీసుకుంటుంది. సమీకరణాలు సాధించడమే పని అయితే విలోమానికి బదులు, మాత్రికను విడగొట్టగా వచ్చే రెండు త్రికోణ మాత్రికల్ని దాచుకోవడం మేలు. వాటిని రాబట్టడానికి విలోమానికి పట్టే పనిలో మూడో వంతే పడుతుంది. ఆ తర్వాత వచ్చే ఒక్కో కొత్త కొలతల వరుసకు దాదాపు 20 లక్షల లెక్కలు చాలు.