తెల్లబడిన సీసపు గుండు ఏనాటిది?

అమెరికాలోని వర్జీనియా పొలాల్లో మెటల్ డిటెక్టర్ మోగిన చోట తవ్వితే, ఇప్పటికీ బొటనవేలి కొసంత సీసపు ముద్దలు దొరుకుతుంటాయి. పాత తుపాకీ గుండ్లు అవి. వాటి కాలం ఎలా తెలుస్తుంది?

ముందు ఆకారం చూడాలి. గోళీలా గుండ్రంగా ఉంటే, లోపల నున్నటి గొట్టం ఉండే పాత మస్కెట్‌ది కావచ్చు. మొన కోసుగా, అడుగున గుంటతో, చుట్టూ మూడు గాళ్లతో ఉంటే, అది చాలావరకు 1861-65 అంతర్యుద్ధం నాటి ‘మినియే’ గుండు. ఫ్రెంచి సైనికాధికారి మినియే పేరే దానికి పెట్టారు.

అడుగున గుంట ఎందుకు? మందు పేలగానే వేడి వాయువులు అందులోకి తోసుకొచ్చి మెత్తని సీసాన్ని వెడల్పు చేస్తాయి. అప్పుడది గొట్టంలోని మెలి గాళ్లను పట్టుకుని, బొంగరంలా తిరుగుతూ సూటిగా పోతుంది. పక్కలు నున్నగా ఉన్నవి ఇంగ్లండు ఎన్‌ఫీల్డ్ తుపాకీవి కావచ్చు. 1857లో మన సిపాయిలు కొవ్వు పూసిన తూటాలు వద్దన్నది ఆ తుపాకీ విషయంలోనే! సీసంపై రాగి తొడుగుంటే, సాధారణంగా 1880ల తర్వాతిదే.

పైనున్న తెల్లటి పొర సీసానికి తేమ, గాలి తగిలి ఏర్పడింది. దాన్ని తోమెయ్యకండి. కొన్నింటి మీద పంటిగాట్లుంటాయి. గాయపడిన సైనికులు నొప్పికి కొరికారని చెప్పుకుంటారు కానీ, చాలా గాట్లు పొలాల్లో తిరిగిన పందులవి.

సీసం విషం, పట్టుకుంటే చేతులు కడుక్కోండి. పేలని తూటా కనిపిస్తే మాత్రం అస్సలు ముట్టుకోకుండా పెద్దవాళ్లకు చెప్పండి.