మూగబోయిన డాంగిల్

నంద్యాలలో ఒక ఇంట దీపాలను రేడియో తరంగాలతో నడిపే జిగ్‌బీ డాంగిల్ ఉన్నదనుకోండి. దానిలో కొత్త ఫర్మ్‌వేరును, అనగా అది పాటించవలసిన ఆజ్ఞలను, వ్రాస్తుండగా కరెంటు పోతే అది మూగబోతుంది. ఇక పారవేయవలసినదేనా? అక్కరలేదు.

ఆళ్లగడ్డ శిల్పి రాతిపై చెక్కిన అక్షరం నిలుస్తుంది. పలకపై వ్రాత చెరుగుతుంది. పలు డాంగిల్‌లలో ఉండే సీసీ2652పీ చిప్పులో ఈ రెండు విధాల జ్ఞాపకాలూ ఉన్నవి. 352 కిలోబైట్ల ఫ్లాష్ పలక వంటిది. ఫర్మ్‌వేరు ఉండేది అందులోనే. రోమ్ రాతి వంటిది. బూట్‌లోడరు అనే చిన్న ప్రోగ్రాము కర్మాగారంలోనే అందులో స్థిరపడుతుంది.

బూట్ మీట నొక్కిపట్టి డాంగిల్‌ను కంప్యూటరుకు తగిలిస్తే బూట్‌లోడరు మేల్కొని, ఫర్మ్‌వేరును మొదటినుండి వ్రాయించుకొంటుంది. అయితే ఆ మీటకు అనుమతి ఫ్లాష్‌లోనే ఉంటుంది. వేరొక నమూనా ఫర్మ్‌వేరు వ్రాస్తే ఈ ద్వారం మూసుకొనవచ్చును. అప్పుడు జేటాగ్ పరికరమే శరణ్యం.